ఓనర్‌కి లైసెన్సే లేదట. ఫిర్యాదు చేస్తే ముందు రోడ్డున పడేది నేనేనా?

చెమ్మగోడ
రెండేళ్లుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. నేను, అమ్మ, పదేళ్ల మా అబ్బాయి. పడగ్గది బయటి గోడకి నేల నుంచి మోకాలెత్తు వరకు చెమ్మ. రంగు బుడగలు బుడగలుగా ఉబ్బింది. వేలితో నొక్కితే లోపలికి దిగబడుతుంది, వేలికి తడి సున్నం అంటుకుంటుంది. బీరువా జరిపి చూస్తే వెనకంతా నల్ల బూజు. ఓనర్‌కి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ మనిషిని పంపించాడు, మూడుసార్లూ ఆ మనిషి దాని మీదే రంగు పూసి వెళ్లాడు. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ అదే కథ.

మొన్న ఊరికే నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో అద్దె ఇళ్ల రిజిస్టరు తెరిచి మా అడ్రస్ కొట్టాను. లేదు. పక్క బిల్డింగ్ ఉంది, ఎదురు బిల్డింగ్ ఉంది, మాది లేదు. ఇల్లు అద్దెకివ్వాలంటే లైసెన్స్ తప్పనిసరి అని అక్కడే పెద్దక్షరాలతో రాసి ఉంది.

నా భయం ఏంటంటే, ఫిర్యాదు చేస్తే వాళ్లొచ్చి చూసి "ఈ ఇల్లు ఉండటానికి పనికిరాదు, ఖాళీ చెయ్యండి" అంటే? స్కూలు ఏడాది మధ్యలో పిల్లాణ్ణి పట్టుకుని ఎక్కడికి పోవాలి? నోరు మూసుకుంటే చెమ్మ పోదు, నోరు తెరిస్తే ఇల్లు పోతుందేమో. ఎవరైనా ఇలాంటిది పడ్డారా?

తాళంచెవి
గోడలకు చెవులుంటాయని విన్నాం గానీ మీ గోడకి ముక్కు కూడా కారుతోందే.
(సారీ. పనికొచ్చే సలహా ఇచ్చేవాళ్లు కింద వస్తారు.)

ఎర్రపెన్ను
ఇందులో ఆలోచించేదేముంది? లైసెన్స్ లేనివాడికి అద్దె అడిగే హక్కే లేదు. వచ్చే నెల నుంచి ఆపేయండి. ఫిలడెల్ఫియాలో రూల్ ఇదే, లైసెన్స్ లేకపోతే అద్దె వసూలు చెయ్యకూడదు, ఖాళీ చేయించమని కోర్టుకీ పోకూడదు. వాడే దిగొస్తాడు.

నాలుగోఫ్లోర్
ఎర్రపెన్ను గారూ, ఆవిడ ఫిలడెల్ఫియాలో ఉన్నానని ఎక్కడా అనలేదు కదా.

ఎర్రపెన్ను
న్యాయం ఎక్కడైనా న్యాయమే.

నాలుగోఫ్లోర్
న్యాయం ఒకటే అయినా రూలు ఊరికొకటి.

పాతఫైలు
ఒక నగరపాలక సంస్థలో అద్దె ఇళ్ల తనిఖీ విభాగంలో పదకొండేళ్లు పనిచేశాను. ఇప్పుడు మానేశాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా.

ముందు ఎర్రపెన్ను గారి సలహా. దయచేసి వినకండి. ఫిలడెల్ఫియా రూలు నిజమే, కానీ అది ఆ నగరం రాసుకున్నది. అలాంటి రూలు లేని చోట అద్దె ఆపితే ఓనర్ మీ గోడ గురించి మాట్లాడడు, "అద్దె కట్టడం లేదు" అని ఒక్క ముక్కతో కోర్టుకెళ్తాడు. చెమ్మ కేసు కాస్తా బాకీ కేసు అయిపోతుంది. కొన్ని చోట్ల అద్దెని కోర్టులోనో, ప్రత్యేక ఖాతాలోనో జమచేసి రిపేరు కోసం పోరాడే పద్ధతి ఉంటుంది. అది వేరు, జేబులో పెట్టుకోవడం వేరు.

ఇక మీ అసలు భయం. పదకొండేళ్లలో ప్రతి ఫోన్‌లోనూ విన్న మాట ఇదే. తనిఖీకి వెళ్లినవాడు తలుపు తీయగానే "ఖాళీ" అనడు. లోపాల్ని తీవ్రతను బట్టి విడదీస్తాడు. న్యూయార్క్‌లో ఏ, బి, సి అని మూడు తరగతులు. ఏ తరగతికి 90 రోజుల గడువు, బి తరగతికి 30 రోజులు, సి అంటే తక్షణ ప్రమాదం, చాలావాటికి 24 గంటలే. మిగతా నగరాల్లో పేర్లు, రోజులు వేరుగా ఉంటాయి గానీ లెక్క ఇదే. గోడకి చెమ్మ, బూజు ఉంటే ఓనర్‌కి గడువుతో నోటీసు వెళ్తుంది. మిమ్మల్ని వెళ్లిపొమ్మనరు.

వెళ్లిపొమ్మనేది ఎప్పుడంటే, గ్యాస్ లీకు, కూలేటట్టున్న సీలింగ్, మంటలొస్తే బయటపడే దారి లేని గది. అందుకే ఒకటి అడుగుతున్నా, మీలో ఎవరైనా బేస్‌మెంట్‌లో గానీ, కిటికీ లేని గదిలో గానీ పడుకుంటున్నారా?

చెమ్మగోడ
పాతఫైలు గారూ, చాలా థాంక్స్. బేస్‌మెంట్ కాదు, నేల అంతస్తే. కానీ మీరు అడిగాక ఒక్కసారి గుండె గుభేల్‌మంది. మా అబ్బాయి పడుకునేది నిజానికి సామాన్ల గది. ఇల్లు చూపించినప్పుడు "చిన్న బెడ్‌రూమ్" అనే చెప్పాడు. కిటికీ ఉంది, కానీ పైన ఎక్కడో వెంటిలేటర్‌లా ఉంటుంది.

పాతఫైలు
టేపు తీసుకుని నాలుగు కొలతలు తీయండి. కిటికీ పూర్తిగా తెరిచి, ఫ్రేము కాకుండా ఖాళీ ఎంతుందో వెడల్పు, ఎత్తు. నేల నుంచి కిటికీ అడుగు వరకు ఎత్తు. గది పొడవు, వెడల్పు. చివరికి తలుపు తీసేది ఎటువైపో.

అమెరికా నగరాలు చాలావరకు ఆధారపడే మోడల్ కోడ్ (ఇళ్ల నిర్మాణానికి నమూనా నియమాలు) ప్రకారం పడుకునే గది కిటికీ ఖాళీ కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉండాలి, నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. ఇక్కడే ఓనర్లు బోల్తా పడతారు. 20ని 24తో గుణిస్తే మూడుంపావు చదరపు అడుగులకి కాస్త ఎక్కువ వస్తుంది. కోడ్ అడిగేది మొత్తం 5.7 చదరపు అడుగులు, నేల అంతస్తుకైతే 5. అంటే రెండు కనీస కొలతలూ ఉన్నా కిటికీ ఫెయిలే! హెల్మెట్ పెట్టుకుని, వీపున సిలిండర్ వేసుకున్న ఫైర్‌మన్ అందులోంచి లోపలికి రావాలి, అదీ లెక్క.

గది 70 చదరపు అడుగులకి తగ్గితే అది చాలా చోట్ల పడగ్గది కింద లెక్కలోకే రాదు.

రెండుపోర్షన్లు
ఇక్కడ ఓనర్లందర్నీ దొంగల్లా చూస్తున్నారు, కాస్త మా గోడు కూడా వినండి. నావి రెండే పోర్షన్లు. ఒక దాంట్లో నేనుంటా, రెండోది అద్దెకిచ్చా. ప్రతి రెన్యువల్‌కీ ఫీజు, తనిఖీకి ఫీజు, ఏదైనా రాస్తే మళ్లీ వచ్చి చూసినందుకు ఇంకో ఫీజు. కిందటిసారి వచ్చినాయన మెట్ల పక్కన పట్టుకునే రైలింగ్ అంగుళం తక్కువుందని రాసిపోయాడు. బాత్రూమ్‌లో సింక్ పక్కన ప్లగ్ పాయింట్ మామూలుది ఉంది, అది మాత్రం చూడలేదు! నేనే తర్వాత మార్పించుకున్నా.

నా కోపం అది కాదు. ఈ చెమ్మగోడ గారి ఓనర్ ఉన్నాడే, వాడు రిజిస్టర్ చేసుకోలేదు కాబట్టి వాడింటికి ఏ తనిఖీ రాదు. నేను పేరిచ్చాను కాబట్టి నా రైలింగ్ కొలుస్తున్నారు. నిజాయితీగా ఉన్నందుకు జరిమానా ఇది.

మీటర్‌రీడింగ్
ఈ పాయింట్ నిజం. తనిఖీ మొత్తం పేరిచ్చినవాడి చుట్టూనే తిరుగుతుంది. చీకట్లో పోగొట్టుకుని దీపం కింద వెతికినట్టు.

పాతఫైలు
రెండుపోర్షన్లు గారితో సగం ఒప్పుకుంటా. ఆ ప్లగ్ చూడకపోవడం మా వాళ్ల తప్పే. నీళ్ల దగ్గర షాక్ తగలకుండా వెంటనే కట్ చేసే ప్లగ్ పాయింట్ ఉందా లేదా అన్నది మొదటి పేజీలోనే ఉండాల్సిన అంశం.

కానీ అందరికీ ఒకే కర్రతో కొట్టడం తగ్గించిన నగరాలున్నాయి. మినియాపొలిస్‌లో అద్దె లైసెన్సులు మూడు అంచెలు. బిల్డింగ్ చరిత్ర బాగుంటే మొదటి అంచె, ఎనిమిదేళ్లకోసారి తనిఖీ. రెండో అంచెకి ఐదేళ్లకోసారి. అస్తమానం ఫిర్యాదులొచ్చే వాటికి మూడో అంచె, ఏటా వచ్చి కూర్చుంటారు, ఫీజు కూడా ఎక్కువ. మీలాంటి వాళ్లకి ఇదే కదా కావాలి?

రిజిస్టర్ కాని వాళ్లని ఎలా పట్టుకుంటారంటారా, మాకు దొరికేవి మూడు దారులు. ఆస్తి పన్ను బిల్లు వేరే అడ్రస్‌కి వెళ్లేవి, అద్దె ప్రకటనలు, ఫిర్యాదులు. మూడింట్లో నూటికి ఎనభై పాళ్లు పనిచేసేది చివరిదే. (సర్వే లెక్క కాదు, నా అనుభవం.)

సామాన్లసంచి
నేను ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు ఆరుగురం కలిసి ఒక ఇంట్లో ఉండేవాళ్లం. ఎవరి తలుపుకి వాళ్ల తాళం, వంటగది ఒక్కటే. అక్కడ ఒకే కుటుంబం కాని వాళ్లు ఐదుగురు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ కలిసి ఉంటే ఓనర్‌కి ప్రత్యేక లైసెన్స్ ఉండాలి. 2018 అక్టోబర్ నుంచి ఒక్కరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లకి తగ్గకూడదు, ఇద్దరికైతే 10.22. నా గది కొలిచి చూస్తే నిండా ఆరు కూడా లేదు. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది, ఆ సందులోంచి పక్కకి తిరిగి దూరేవాణ్ణి. ఏడాదిలో నాకు ఎడమ భుజం ముందు పెట్టి నడిచే అలవాటొచ్చింది.

మాలో ఒకమ్మాయి కౌన్సిల్‌కి, అంటే అక్కడి నగరపాలక సంస్థకి, మెయిల్ పెట్టింది. లైసెన్స్ లేదని తేలింది. అప్పుడు తెలిసింది, ట్రిబ్యునల్‌కి వెళ్తే కట్టిన అద్దెలో 12 నెలల వరకు వెనక్కి అడగొచ్చని. ముగ్గురం అప్లై చేశాం, ముగ్గురు "మనకెందుకులే" అన్నారు. మాకు వచ్చింది, మొత్తం కాదు, కొంత కోసి ఇచ్చారు. ఆ ముగ్గురూ ఇప్పటికీ ఆ మాటెత్తితే టాపిక్ మారుస్తారు. 2025లో వచ్చిన కొత్త చట్టంలో ఆ 12ని 24 చేశారు.

ఎర్రపెన్ను
చూశారా! నేను చెప్పిందీ అదే.

నాలుగోఫ్లోర్
కాదు. వాళ్లు కట్టి, తర్వాత చట్టప్రకారం వెనక్కి అడిగారు. మీరు కట్టొద్దన్నారు. రెండింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

వానాకాలం
లైసెన్స్ ఉంటే అంతా బాగుంటుందనుకోవద్దు. మా అపార్ట్‌మెంట్ లాబీలో లైసెన్స్‌కి ఫ్రేము కట్టి, దాని మీద చిన్న లైటు కూడా పెట్టారు. అదే ఏడాది మా బాత్రూమ్ సీలింగ్ ఊడి కమోడ్ మూత మీద పడింది. నేను అప్పుడే లేచి బయటికొచ్చాను కాబట్టి ఇవాళ ఈ పోస్టు రాస్తున్నా.

తర్వాత ఆరా తీస్తే తెలిసింది, అరవై ఫ్లాట్లలో కొన్నే శాంపిల్‌గా చూస్తారట. మా లైను ఏనాడూ చూడలేదు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, లైసెన్స్ తగిలించగానే ఇల్లు బాగుపడదు.

తాళంచెవి
సీలింగ్‌కి కూడా టైమింగ్ ఉంది.

పాతఫైలు
శాంపిల్ పద్ధతి నిజమే. సియాటిల్‌లో కూడా పెద్ద బిల్డింగుల్లో అన్ని ఫ్లాట్లూ చూడరు, పైగా సిటీ ఇన్‌స్పెక్టర్ బదులు అర్హత ఉన్న ప్రైవేటు వాళ్లతోనూ ఓనర్ తనిఖీ చేయించుకోవచ్చు. నా అభిప్రాయంలో శాంపిల్ ఎంచేది ఓనర్ కాకుండా ఉంటే చాలు, సగం సమస్య తీరుతుంది. ఓనర్ చూపించిన ఫ్లాటులోకి వెళ్తే కొత్త రంగు వాసన ముక్కుపుటాలు అదరగొట్టేది. మేం ఆ పక్క తలుపు కొట్టేవాళ్లం.

టొరంటోలో 2017 నుంచి కనీసం మూడంతస్తులు, పది ఫ్లాట్లు ఉన్న అద్దె బిల్డింగులకి ఇంకో రూలు పెట్టారు. అద్దెకున్నవాళ్ల రిపేరు అర్జీలన్నీ ఓనర్ నమోదు చెయ్యాలి. అత్యవసరమైన వాటికి 24 గంటల్లో, మిగతావాటికి 7 రోజుల్లో స్పందించాలి. నాకు లైసెన్స్ ఫ్రేము కంటే ఆ అర్జీల రిజిస్టరు మీద గౌరవం ఎక్కువ. ఎవరు ఎప్పుడు చెప్పారో, వీళ్లు ఏం చేశారో అందులో దొరుకుతుంది.

చెమ్మగోడ
కొలిచాను. కిటికీ ఖాళీ వెడల్పు 22 అంగుళాలు, ఎత్తు 14. నేల నుంచి 61 అంగుళాలు. గది 9 అడుగుల 2 అంగుళాలు, 6 అడుగుల 10 అంగుళాలు.
మా అబ్బాయి పక్కన నిలబడి "అమ్మా, నేను పడతానులే" అని కిటికీలో తల పెట్టి చూపించాడు. తలే పట్టింది, భుజాలు పట్టలేదు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

పాతఫైలు
గది 63 చదరపు అడుగులు కూడా లేదు. కిటికీ రెండు చదరపు అడుగులు మించి ఓ పిసరు. ఫిర్యాదు సంగతి తర్వాత, ఈ రాత్రి నుంచే బాబుని హాల్లో పడుకోబెట్టండి. చెమ్మ నెమ్మదిగా దెబ్బతీస్తుంది, ఆ గది ఒక్క రాత్రిలో దెబ్బతీస్తుంది. హాల్లో స్మోక్ అలారం ఉందా? వెనక తయారీ తేదీ చూడండి. పదేళ్లు దాటితే బ్యాటరీ మార్చినా లాభం లేదు, అలారమే మార్చాలి.

చెమ్మగోడ
పరుపు హాల్లోకి మార్చేశాం. అలారం దింపి చూశాను. తేదీ 2011. బటన్ నొక్కితే ఇన్నాళ్లూ కూస్తోంది కదా అని ధైర్యంగా ఉన్నాను.

పాతఫైలు
బటన్ నొక్కితే కూసేది బజర్. పొగని పసిగట్టే భాగం పనిచేస్తోందో లేదో అది పూర్తిగా చెప్పదు.

రెండుపోర్షన్లు
నేను ఓనర్ పక్షమే గానీ ఈ మనిషిని సమర్థించలేను. సామాన్ల గదిని బెడ్‌రూమ్ అని అద్దెకివ్వడం తప్పు. చెమ్మ విషయంలో మాత్రం ఒక్క మాట. అన్నిసార్లూ గోడ తప్పు కాదు. తడిబట్టలు ఇంట్లో ఆరేసి, కిటికీలన్నీ బిగించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కరెంటు దండగని ఆపేసి, తర్వాత గోడ తడిసింది అంటారు. నా పై పోర్షన్‌లో అచ్చం ఇలాగే జరిగింది.

వానాకాలం
అబ్బా, ఈ మాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా. "మీరు బట్టలు ఆరేస్తారు", "మీరు ఎక్కువ వండుతారు", "మీరు ఎక్కువ ఊపిరి పీలుస్తారు".

ఈ మాట ఎంత దూరం పోతుందో తెలుసా? ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అని రెండేళ్ల పిల్లాడు 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. ఫ్లాటు నిండా బూజు. తండ్రి ఎన్నిసార్లు చెప్పినా, రంగు వేసుకోమని ఒకసారి, మీ అలవాట్ల వల్లే అని ఇంకోసారి. ఆ బూజు వల్లే ఊపిరితిత్తులు దెబ్బతిని పోయాడని 2022లో కరోనర్ (మరణ కారణం విచారించే అధికారి) తేల్చి చెప్పింది. ఆ పిల్లాడి పేరుతోనే అక్కడ చట్టం వచ్చింది. 2025 అక్టోబర్ 27 నుంచి సోషల్ హౌసింగ్ (కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే) ఇళ్లలో ప్రాణాపాయం ఉన్నవాటికి 24 గంటలు, తీవ్రమైన చెమ్మ, బూజు అని చెప్తే 10 పని దినాల్లో వచ్చి పరిశీలించాలి. తొమ్మిదిసార్లు రంగు వేసినా బూజు చావదు, కనిపించదంతే.

రెండుపోర్షన్లు
పిల్లాడి సంగతి తెలుసు, దానికీ నేనన్నదానికీ ముడిపెట్టొద్దు. ఆవిరి వల్ల వచ్చే చెమ్మ కూడా ఉంటుంది అన్నాను, ప్రతిసారీ అదే అనలేదు. ఏది ఏదో తేల్చకుండా ఇద్దరూ అరుచుకుంటే గోడ ఎండదు.

మీటర్‌రీడింగ్
తేల్చడం తేలికే. తడిగా ఉన్న చోట గోడని పొడిగుడ్డతో తుడిచి, జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టి నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపు వేయండి. రెండు రోజులు వదిలేయండి. ఫాయిల్ మీద, అంటే గది వైపు, చెమట పడితే అది గాలిలో ఆవిరి. ఫాయిల్ తీస్తే వెనకవైపు తడిగా ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు.

ఇంకోటి, బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి టిష్యూ కాగితం ఒక్క పొర దాని దగ్గర పెట్టండి. అంటుకుని నిలబడాలి. జారి పడిపోతే ఆ ఫ్యాన్ శబ్దం చేస్తోంది గానీ గాలి లాగట్లేదు.

తాళంచెవి
మా ఫ్యాన్‌కి పెట్టి చూశా. టిష్యూని ఎదురు ఊదింది.

మీటర్‌రీడింగ్
గొట్టం పక్కింటి వాళ్లతో కలిపేశారేమో. వాళ్ల స్నానం మీకు వస్తోంది.

తాళంచెవి
ఇన్నాళ్లూ మంచి సబ్బు వాసన అని సంతోషించా.

నాలుగోఫ్లోర్
ఒక సందేహం. ఇన్‌స్పెక్టర్ వస్తే అద్దెకున్నవాళ్లు రావద్దనొచ్చా? మా ఇంట్లో సామాను చిందరవందర, పైగా లీజులో పేరు లేని మా తమ్ముడు కూడా ఉంటున్నాడు. ఫిర్యాదు చెయ్యకపోవడానికి చాలామందికి అసలు కారణం ఇదేనేమో.

పాతఫైలు
అమెరికాలో అయితే అనొచ్చు. శాన్ ఫ్రాన్సిస్కోలో కమారా అనే అద్దెదారుడు వారంట్ లేకుండా తనిఖీకి వచ్చిన హౌసింగ్ ఇన్‌స్పెక్టర్‌ని గడప దగ్గరే ఆపాడు. కేసు పెడితే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే మామూలు తనిఖీకైనా వారంట్ కావాలని 1967లో తీర్పొచ్చింది. అప్పట్నుంచి అక్కడి నగరాలన్నీ గుమ్మం దగ్గర మర్యాదగా అడగడం నేర్చుకున్నాయి.

మీ తమ్ముడి విషయం చెప్పలేను గానీ, చిందరవందర సామాను మేం చూసేది ఒక్కందుకే, బయటికి పోయే దారికి అడ్డం ఉందా అని. అంట్లు సింకులో ఉన్నాయని ఏ ఫారంలోనూ గడి లేదు.

చెమ్మగోడ
ఫాయిల్ తీశాను. పైన పొడి. వెనక చెయ్యి పెడితే నీళ్లు అరచేతికి తగిలాయి, టేపు కింద అంచున ఓ చుక్క నిలబడి ఉంది.

మీటర్‌రీడింగ్ గారూ, తర్వాత బయటికెళ్లి అదే గోడ వెనక చూశాను. డాబా మీంచి వాన నీళ్లు దిగే గొట్టం కింది మూర ముక్క ఊడిపోయింది. నీళ్లన్నీ తిన్నగా గోడ మొదట్లో పడుతున్నాయి. అక్కడ నేల గుంట పడి నాచు పట్టింది. రెండేళ్లు లోపల గోడనే చూశాను, ఒక్కసారి కూడా చుట్టూ తిరిగి వెనక చూడలేదు.

రెండుపోర్షన్లు
మూరెడు గొట్టం! మూడుసార్లు పెయింటర్‌కి ఇచ్చిన కూలిలో ఎన్ని గొట్టాలు వచ్చేవో. సరే, బట్టలు ఆరేసే మాట వెనక్కి తీసుకుంటున్నా, ఈ ఇంటి వరకు.

వానాకాలం
"ఈ ఇంటి వరకు" 😄

సామాన్లసంచి
ఫిర్యాదు చేసేముందు కక్షసాధింపు సంగతి కూడా చూసుకోండి. కాలిఫోర్నియాలో ఫిర్యాదు చేసిన 180 రోజుల్లోపు పగబట్టి ఖాళీ చేయించడం, అద్దె పెంచడం కుదరదు. ఇంగ్లండ్‌లో కారణం చెప్పకుండా నోటీసు ఇచ్చే సెక్షన్ 21 నే 2026 మే 1 నుంచి ఎత్తేసేలా చట్టం చేశారు. మీ దగ్గర ఏముందో కనుక్కోండి. ఏదైనా ఓనర్‌కి ముందు రాతపూర్వకంగా పెట్టండి, ఫోన్‌లో చెప్పింది గాలికి పోతుంది.

నాలుగోఫ్లోర్
ఇండియాలో ఇలాంటి లైసెన్స్ ఉందా?

మీటర్‌రీడింగ్
మామూలు ఇల్లు అద్దెకివ్వడానికి నగరం ఇచ్చే ఇలాంటి తనిఖీ లైసెన్స్ పద్ధతి అక్కడ లేదు. 2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఉంది, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. అందులో రిపేర్ల పంపకం మాత్రం చక్కగా రాశారు. నిర్మాణ మరమ్మతులు, సున్నాలు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనర్‌వి. ట్యాప్ వాషర్లు, స్విచ్చులు, కాలువ శుభ్రం, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్లవి. ఓనర్ చెయ్యకపోతే మనం చేయించుకుని అద్దెలో తగ్గించుకోవచ్చు, కానీ ఏ నెలలోనూ సగానికి మించి కాదు. తనిఖీకి వచ్చేవాడెవరూ లేడు, గొడవైతే రెంట్ అథారిటీ దగ్గరికి మనమే వెళ్లాలి.

ఎర్రపెన్ను
సగం తగ్గించుకోవచ్చంటే నేను చెప్పినదాంట్లో సగం కరెక్టన్నమాట.

నాలుగోఫ్లోర్
సరే, యాభై మార్కులు. పాస్.

రెండుపోర్షన్లు
చివరికి ఇవన్నీ అద్దెలోనే కలుస్తాయని ఎవరూ అనట్లేదు. ఫీజు ఓనర్ కడతాడు, పై ఏడాది అద్దెలో రాబట్టుకుంటాడు. మంచి ఇల్లు కావాలి, అద్దె పెరగకూడదు, రెండూ ఎలా?

పాతఫైలు
కొంత కలుస్తుంది, కాదనను. కానీ తనిఖీ లేని ఖర్చు కూడా ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు, అది రసీదు లేని ఖర్చు. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ నగరం 2005లో పాత అద్దె ఇళ్లలో సీసం కలిసిన పెయింట్‌ని తనిఖీలో భాగం చేస్తూ చట్టం చేసింది. అంతకుముందు ఆ పెచ్చులున్న ఇల్లు ఏదో ఎలా తెలిసేదంటే, అందులో పిల్లాడి రక్తంలో సీసం బయటపడినప్పుడు. అంటే పిల్లల్నే మీటర్‌గా వాడారు.

రెండుపోర్షన్లు
దీనికి నా దగ్గర జవాబు లేదు. అయినా మళ్లీ తనిఖీకి ఫీజు తీసుకోవడం అన్యాయమే.

పాతఫైలు
అది నేనూ ఒప్పుకుంటా. పాసైనవాడి దగ్గర తీసుకోకూడదు.

చెమ్మగోడ
ఆరు వారాలైంది, ఏమైందో రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ఓనర్‌కి మెయిల్ పెట్టాను. గొట్టం ఫోటో, ఫాయిల్ ఫోటో, కిటికీ కొలతలు. జవాబు లేదు. పది రోజులు చూసి నగరపాలక సంస్థకి ఫోన్ చేశాను. పేరు చెప్పకుండానే మొదట "ఇలాంటి గోడకి ఖాళీ చెయ్యమంటారా" అని అడిగాను. ఫోనెత్తినావిడ ఈ ప్రశ్న రోజుకి ఇరవైసార్లు వింటున్నట్టుగా, చదివినట్టు జవాబు చెప్పింది. అప్పుడు పేరిచ్చాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ముప్పావుగంట ఉన్నాడు. గోడలో మీటరు గుచ్చాడు, వేడినీళ్ల కింద థర్మామీటర్ పెట్టాడు, అమ్మ గదిలో కిటికీ తెరిచి మూశాడు. సామాన్ల గదిలో మా అబ్బాయి అతికించిన బొమ్మలు చూసి "ఇక్కడెవరు పడుకుంటారు?" అన్నాడు. ఇప్పుడెవరూ పడుకోవట్లేదన్నాను. తల ఊపి, రాసుకున్నాడు. ఓనర్‌కి నోటీసు వెళ్లింది. గోడకీ గొట్టానికీ 30 రోజులు, అలారాలు వెంటనే, ఆ గదిని పడగ్గదిగా ఇవ్వకూడదు, లైసెన్స్‌కి అప్లై చెయ్యాలి. మమ్మల్ని ఎవరూ వెళ్లమనలేదు.

ఓనర్ ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు, "నాతో చెప్పుంటే నేనే చేయించేవాణ్ణి కదమ్మా." మూడుసార్లు చెప్పానండీ అంటే, "గోడ అన్నావు గానీ గొట్టం అనలేదుగా" అన్నాడు. రెండు పడగ్గదుల అద్దె ఒక పడగ్గది ఇంటికి ఎందుకు కట్టాలని నేనడిగాను. ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాడు.

వానాకాలం
లీజు రెన్యువల్ ఎప్పుడు?

చెమ్మగోడ
ఇంకా ఐదు నెలలుంది. అప్పుడేమవుతుందో చూడాలి. ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కాపీ బీరువాలో పెట్టాను.

గొట్టం బిగించారు. గోడ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా దాని మీద ఏమీ పూయొద్దని ఇన్‌స్పెక్టర్ గట్టిగా చెప్పాడు. ఆ మర్నాడు పొద్దున్నే పాత పెయింటర్ వచ్చాడు. గుమ్మంలోంచే వెనక్కి పంపించాను. ఎలాగూ మళ్లీ రావాలి కదా అని డబ్బా మాత్రం మా తలుపు పక్కనే పెట్టి వెళ్లాడు.

పాతఫైలు
ఆ డబ్బాకి కూడా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తేదీ పడేలా.